చార్మినార్ ఎన్నిసార్లు చూడాలి?

నా సహచరుడు చార్మినార్ ఇప్పటికి ఆరుసార్లు చూశాడు. గోల్కొండ నాలుగుసార్లు. సాలార్‌జంగ్ మ్యూజియంలో గడియారం బొమ్మ బయటికొచ్చి గంట కొట్టడం చూడ్డానికి జనం గుమిగూడతారే, ఆ గుంపులో ఎక్కడ నిలబడితే బాగా కనిపిస్తుందో నాకంటే అతనికే బాగా తెలుసు. ఇదంతా హైదరాబాద్ మీద ప్రేమ అనుకోకండి. కౌంటర్లో కూర్చున్న మనిషి "ఈసారి ఏం చూడ్డానికి?" అని అడిగితే చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి. నిజం చెప్పడానికి ఆ ఫారంలో గడి లేదు.

నిజం చాలా చిన్నది. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఇంట్లో లైటు వెలుగుతూ ఉంటుంది. మిల్క్‌మెయిడ్ వేసి వాళ్ళ ఊరి పద్ధతిలో కాఫీ పెడతాడు. నేను పుస్తకం చదువుతుంటే పక్కన బొమ్మలు వేసుకుంటాడు. పిల్లల పుస్తకాలకి బొమ్మలేయడం అతని వృత్తి. టూరిస్టు వీసా మీద పని చేయకూడదు కనక ఇక్కడున్నన్ని రోజులూ డబ్బుకి వేసేవేవీ ముట్టుకోడు. కానీ మా బాల్కనీలో పావురాన్ని పెన్సిలుతో గీస్తే అది పర్యటనా, ఉద్యోగమా? ఒకసారి ఇద్దరం సీరియస్‌గానే చర్చించుకున్నాం. తేలలేదు.

తెలుగులో ఈ మనిషికి పేరు కూడా లేదు. పార్ట్‌నర్ అంటే మా బాబాయికి రియల్ ఎస్టేట్ వెంచర్ గుర్తొస్తుంది. సహచరుడు అంటే సంస్మరణ సభ కరపత్రంలా ఉంటుంది. బాయ్‌ఫ్రెండ్ అనే వయసు ఇద్దరికీ దాటిపోయింది. మా నాయనమ్మ ఒక్కతే సూటిగా "అయితే ఇల్లరికమా?" అని అడిగింది. ఉన్నవాటిలో అదే నయం.

అతనిది వియత్నాం. చేతిలో ఉన్నది అయిదేళ్ళ ఇ-టూరిస్ట్ వీసా. అయిదేళ్ళు అనగానే వినేవాళ్ళు "ఇంకేం మరి" అంటారు. ఆ అయిదేళ్ళూ వీసాకే, మనిషికి కాదు. మాకు పడిన షరతు ఇదీ: ఒక్కో రాకకి 90 రోజులు, క్యాలెండర్ ఏడాది మొత్తానికి 180. ఈ అయిదేళ్ళ వీసా మొదలుపెట్టినప్పుడు రాసుకున్న షరతుల్లో అమెరికా, బ్రిటన్, కెనడా, జపాన్ పాస్‌పోర్టులకి ఒకే విడతలో 180 రోజులుండే వీలుంది. మిగతావాళ్ళకి 90. పాస్‌పోర్టుని బట్టి చార్మినార్ చూడ్డానికి పట్టే సమయం మారుతుందన్నమాట.

ఇంజనీర్ని కదా, రోజులు లెక్కపెట్టడానికి ఒక చిన్న స్క్రిప్టు రాసుకున్నాను. నలభై లైన్లు. నా కెరీర్లో ఇంత భయపడుతూ రాసిన కోడ్ ఇంకోటి లేదు. వచ్చిన రోజు లెక్కలోకి వస్తుందా? వెళ్ళిన రోజో? విమానం రాత్రి పదకొండూ యాభైకి దిగితే, లైన్లో నిలబడి కౌంటర్ దగ్గరికి చేరేసరికి పన్నెండున్నర. ముద్ర మీద ఏ తేదీ పడిందో చూసుకోకుండా మేం బ్యాగుల దగ్గరికి వెళ్ళం. ఆఫీసులో ఒకటి అటూ ఇటూ అయితే బగ్ అంటాం, మర్నాడు దిద్దుకుంటాం. ఇక్కడ ఒకటి ఎక్కువైతే ఓవర్‌స్టే. అది జరిమానాతో పోదు, వచ్చేసారి వీసా అడిగినప్పుడు ఎదురుగా వచ్చి కూర్చుంటుంది. అందుకని 90కి 87 దగ్గరే ఆగిపోతాం. అలా విడతకి మూడేసి రోజులు భయానికి ఇచ్చుకుంటూ వస్తున్నాం.

ఇప్పుడు అసలు గొడవకి వస్తాను. నా గొడవ కౌంటర్లో మనిషితో కాదు, అతను తన ఉద్యోగం చేస్తున్నాడు. నా గొడవ మనతోనే. ఈ పత్రికలో రాసే, చదివే మనతో.

వీసా గురించి తెలుగువాళ్ళకి చెప్పక్కర్లేదు. వీసా కోసం చిలుకూరులో పదకొండు ప్రదక్షిణలు చేసి, వచ్చాక నూట ఎనిమిది చేసే జాతి మనది. హెచ్-1బి అన్న మాట తెలియని పల్లె ఉంటుందా? మన డయాస్పోరా కథల్లో సగానికి పైగా ఏదో ఒక పేజీలో ఎయిర్‌పోర్టు ఉంటుంది, ఇంటర్వ్యూ కిటికీ ఉంటుంది, ఆ కిటికీ అవతల ముఖంలో ఏ భావమూ లేని ఒక మనిషి ఉంటాడు. ఆ అవమానాన్ని మనవాళ్ళు బాగా రాశారు, నేను కాదనను. నా ఫిర్యాదల్లా ఒకటే. కిటికీకి ఇవతల నిలబడి రాసిన కథలే అన్నీ. కిటికీ మనదై, అవతల నిలబడ్డది ఇంకెవరో అయిన కథ నేను చదివినంతలో దొరకలేదు. మన దేశం కూడా వీసాలు ఇస్తుందనీ, నిరాకరిస్తుందనీ, ఎవరో ఒకరిని గుమ్మంలో నిలబెడుతుందనీ మన సాహిత్యానికి ఇంకా కబురందలేదు.

మన సొంత అబద్ధం సంగతీ చెప్పుకుందాం. అమెరికాలో కూతురి పురిటికి వెళ్ళే అమ్మలందరూ వెళ్ళేది బి-2 మీద. అంటే టూరిస్టులుగా. ఆరు నెలలుండి, కాయం తినిపించి, పిల్లవాడికి నలుగు పెట్టి, ఇంట్లోంచి పెద్దగా కదలకుండానే తిరిగొస్తారు. వాళ్ళు చూసిన అమెరికా చాలావరకు వంటింటి కిటికీలోంచి కనబడేదే. మా పెద్దమ్మ అలా మూడుసార్లు వెళ్ళొచ్చింది. దాన్ని మోసం అని మనలో ఎవరం అనం. మనిషికి మనిషి అవసరమైనప్పుడు కాగితం మీద ఏ మాటుంటే ఆ మాట చెప్పి దాటుతారని మనకి తెలుసు. అదే ఇంగితం ఒక వియత్నాం కుర్రాడు నా వంటింటి కోసం టూరిస్టునని చెప్పుకుంటే మాత్రం మనకి రాదు. "ఏమో, రూల్స్ రూల్సే కదా" అంటాం.

పైగా మనం రోజూ తిట్టుకునే ఆ అమెరికాయే తన కాన్సులేట్ అధికారుల మాన్యువల్‌లో ఒక చిన్న మాట రాసి పెట్టుకుంది. హెచ్-1బి లాంటి వీసా మీద దీర్ఘకాలం అక్కడ ఉండేవాళ్ళకి, పెళ్ళి కాకుండా కలిసి బతికే తోడు ఉంటే, ఆ తోడుకి బి-2 ఇవ్వొచ్చు. ఆరు నెలలకి మించి ఉండేటట్టయితే దేశంలోకి అడుగుపెట్టేటప్పుడే ఏడాది ఉండనివ్వమని అడగమని చెప్పమంది. ఇస్తారా ఇవ్వరా అన్నది వేరే కథ. కనీసం అలాంటి మనుషులు ఉన్నారని అక్కడి కాగితానికి తెలుసు. కెనడా ఏడాది కలిసి బతికిన జంటని కామన్-లా అని గుర్తిస్తుంది, ఆస్ట్రేలియా డి ఫాక్టో అంటుంది. ఇవేవో స్వర్గాలని నేననడం లేదు. అక్కడికి చేరాక కట్టే ఫీజులు, నింపే ఫారాలు తల్చుకుంటే నిద్ర పట్టదు. గడి ఉందా లేదా అన్నదే నేనడిగేది.

"పెళ్ళి చేసుకోవచ్చుగా?" తెలుసు, ఎప్పుడడుగుతారా అని చూస్తున్నాను. అత్తయ్యలు అడిగితే నవ్వి ఊరుకుంటాను. స్త్రీవాద కవిత్వం చదివి, పెళ్ళి అనే వ్యవస్థ మీద ముప్ఫై పేజీల వ్యాసాలు షేర్ చేసే మిత్రులు అడిగితే మాత్రం ఒళ్ళు మండుతుంది. చేసుకోవచ్చు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది. నోటీసు ఇవ్వాలి, దాన్ని ఆఫీసులో అందరికీ కనబడేలా అంటిస్తారు, ముప్ఫై రోజులు ఎవరైనా అభ్యంతరం చెబుతారేమో చూస్తారు. అతని తొంభైలో ముప్ఫై అక్కడే పోయాయి. పెళ్ళయ్యాక భార్యాభర్తలకిచ్చే ఎంట్రీ వీసాకి అప్లై చేయొచ్చు. పెళ్ళి నమోదై రెండేళ్ళు నిలిచాక ఓసీఐ కార్డుకి అర్హత వస్తుంది. దారి ఉంది. ఆ దారి పేరు పెళ్ళి. మేం పెళ్ళి చేసుకుంటే ఒకరికొకరం కావాలనిపించి చేసుకోవాలి, లేదా మానుకోవాలి. ఇమిగ్రేషన్ శాఖ తొందరపెట్టిందని చేసుకుంటే, కట్నం కోసం చేసుకున్న పెళ్ళికీ దానికీ తేడా ఏంటో నాకు ఎవరైనా చెప్పాలి.

నా స్నేహితురాలు ఒకామె ఉంది. ఆమె తోడు కూడా విదేశీయురాలే, ఆడమనిషే. వాళ్ళకి ఈ ప్రశ్న వేయడానికి కూడా లేదు. 2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు ఆ పెళ్ళిని గుర్తించడం తమ పని కాదని చెప్పింది. అంటే వాళ్ళ విషయంలో చట్టం ఒక చేత్తో పెళ్ళి కాగితం తెమ్మంటుంది, ఇంకో చేత్తో ఆ కాగితం ఇచ్చే తలుపు మూస్తుంది. ఆమె ఈమధ్య ఉద్యోగాలు వెతుకుతోంది, ఇండియాలో కాదు.

ప్రభుత్వానికి పెళ్ళి లేని జంటలు కనబడవని అంటే నమ్మకండి. 2005 గృహహింస చట్టంలో వివాహం లాంటి బంధం కూడా గృహ సంబంధమేనని స్పష్టంగా రాసి ఉంది. ఆ చట్టం కింద కోర్టులు ఇలాంటి బంధాలు ఎలా తేల్చాలో కొలతలు కూడా చెప్పాయి. ఉత్తరాఖండ్‌లో 2025 జనవరి నుంచి అలా కలిసుండేవాళ్ళు ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకుని తీరాలి. నిఘా పెట్టాలంటే కనబడే బంధం, వీసా ఇవ్వాలంటే ఎందుకు మాయమవుతుంది?

దేశభద్రత అంటారు. సరే, లెక్క చూద్దాం. అతను మా ఇంటికొచ్చిన ఇరవై నాలుగు గంటల్లోపు నేను ఫారం సి నింపి పంపాను, చట్టప్రకారం. అతని వేలిముద్రలు, ఫొటో, నా చిరునామా అన్నీ ప్రభుత్వం దగ్గరున్నాయి. ఏడాదిలో 180 రోజులు ప్రమాదం కాని మనిషి 181వ రోజున ఎలా ప్రమాదమవుతాడు? 90వ రోజున కొలంబో వెళ్ళి నాలుగు రోజులుండి తిరిగొస్తే భద్రత ఏమాత్రం పెరిగింది? పెరిగింది విమానాల కంపెనీ ఆదాయం. దొంగ బంధాలు చూపించి వచ్చేవాళ్ళు ఉంటారు కదా అంటే, ఉంటారు. దొంగ పెళ్ళిళ్ళూ ఉన్నాయి. దానికని భార్యాభర్తల వీసా ఎవరూ ఎత్తేయలేదు.

నేనడిగేది పౌరసత్వం కాదు, ఉద్యోగం చేసే హక్కు కూడా కాదు. కలిసి బతుకుతున్నామని రుజువు చూపించి, ఆతిథ్యం ఇచ్చే మనిషి పూచీ పడితే, ఏడాది ఆగకుండా ఉండనిచ్చే ఒక వీసా. ఏడాదికోసారి పొడిగింపు, కావాలంటే పోలీసు విచారణ. రుజువులంటే మా ఫొటోలూ, చాట్లూ ఎవరో తెలియని గుమాస్తా చదువుతాడన్నది నాకూ ఇష్టం లేదు. అయినా చార్మినార్ కంటే నయం. దీనికి పార్లమెంటు కూడా అక్కర్లేదు. 1946 నాటి విదేశీయుల చట్టాన్ని తీసేసి 2025లో కొత్త చట్టం తెచ్చారు. వీసా రకాలేమో హోంశాఖ రాసుకునే నిబంధనల్లో ఉంటాయి. ఒక గడి చేర్చాలి, అంతే.

అది అడగడానికి ముందు ఎవరో ఒకరు ఇలాంటి మనుషులున్నారని రాయాలి. కథ రాసేవాళ్ళు ఆ పని చేస్తారని చాలాకాలం చూశాను. అతిథి అంటే తిథి చూసుకోకుండా వచ్చేవాడని స్కూల్లో తెలుగు మాస్టారు చెప్పారు. మా ఇంటి అతిథికి తిథులన్నీ ఫ్రిజ్ మీద అంటించి ఉన్నాయి, వాడినవి ఎర్ర ఇంకుతో కొట్టేసి.

ఈ ఏడాది ఇంకా పదకొండు మిగిలాయి. నవంబరులో నాయనమ్మకి కంటి ఆపరేషన్. అతను ఉంటే బాగుంటుందని ఆవిడే అంది, చుక్కల మందు అతనైతే సరిగ్గా టైముకి వేస్తాడట. పదకొండూ అప్పుడే వాడేస్తే డిసెంబరంతా లేనట్టే. జనవరి ఒకటిన లెక్క మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది. టికెట్ ఇంకా కొనలేదు. రాత్రి పదకొండూ యాభైకి దిగే విమానమే చవగ్గా ఉంది.