అమ్మకు చైతన్యం లేదా?

రేమండ్ బ్రిగ్స్ 1998లో తన అమ్మానాన్నల కథను బొమ్మల పుస్తకంగా గీశాడు. పేరు ‘ఎథెల్ అండ్ ఎర్నెస్ట్’. నాన్న లండన్‌లో ఇల్లిల్లూ తిరిగి పాలు వేసేవాడు. అమ్మ పెళ్లికి ముందు దొరసాని ఇంట్లో పనిమనిషి. 1930లో పెళ్లి. 1971లో కొద్ది నెలల తేడాతో ఇద్దరూ పోయారు. మధ్యలో ఒకే ఇల్లు, యుద్ధం, బాంబులు, ఒక్కగానొక్క కొడుకు.

మన స్టడీ సర్కిళ్లలో ఈ పుస్తకం పెడితే ఏమంటారో నాకు తెలుసు. ఎర్నెస్ట్ లేబర్ పార్టీ మనిషి కాబట్టి నెత్తిన పెట్టుకుంటారు. ఎథెల్ మాత్రం తమను కార్మికవర్గం అంటే ఒప్పుకోదు. ఇంకేం, ముద్ర రెడీ: ‘చైతన్యం లేదు.’

ఆగండి సార్లూ. పరాయి ఇంట్లో చాకిరీ చేసిన మనిషి ఆ పేరు వదిలించుకోవాలని చూడదా? వర్గం, కులం ఒకటి కాదు, తెలుసు. కానీ మా అమ్మ కూడా హైదరాబాద్‌లో అద్దె ఇంటి తలుపు మీద నేను అతికించిన జై భీమ్ స్టిక్కర్ గీకేసింది. అది పిరికితనం అన్న మిత్రులు ఒక్కసారైనా కులం తెలిసి ఇల్లు ఖాళీ చేశారా?

బ్రిగ్స్ ఆర్ట్ స్కూల్‌కి వెళ్లి చదువుకున్నవాడు. అయినా అమ్మ మాటను దిద్దలేదు.

అంబేద్కర్ మీద 2011లో ‘భీమాయన’ వచ్చింది, గొప్ప పని. ఫైన్ ఆర్ట్స్ చదివే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇక అమ్మానాన్నల్ని గీయండి. అమ్మ మీకు నచ్చని పార్టీకి ఓటేసిందా? అదీ గీయండి. డైలాగ్ మాత్రం మార్చొద్దు.