దుమ్ముకు దూరంగా ఎక్కడికి?

"పిల్లాణ్ణి దుమ్ముకు దూరంగా ఉంచమ్మా" అంటారు డాక్టర్లు. దెందులూరు పల్లెల్లో నేను కలిసే దూదేకుల తల్లులు ఎక్కడ ఉంచాలి? పరుపులకు దూది ఏకేదీ, కట్టెల పొయ్యి రగిలేదీ ఆ ఒక్క గదిలోనే. బిడ్డకు పిల్లికూతలు మొదలైతే నింద మాత్రం తల్లికి: చన్నీళ్లు పోసిందట, అరటిపండు పెట్టిందట! తండ్రి కాల్చే బీడీ ఊసెవరూ ఎత్తరు.

సాల్బుటమాల్ ఇన్‌హేలర్ జాతీయ అత్యవసర ఔషధాల జాబితాలో ఉంది. వాడితే అలవాటైపోతుందన్న భయం వట్టిది. చిన్నపిల్లలు మందు పీల్చడానికి ఖరీదైన గొట్టమూ అక్కర్లేదు. అరలీటరు ప్లాస్టిక్ సీసా అడుగున ఇన్‌హేలర్ పట్టేంత రంధ్రం చేస్తే చాలునని దక్షిణాఫ్రికా డాక్టర్లు 1999లోనే తేల్చారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఆ మందు ఏడాది పొడుగునా ఉంచమని, సీసా పట్టడం ప్రతి ఆశా కార్యకర్తకూ నేర్పమని మన సంఘాలు పట్టుబట్టాలి. ఇళ్లలో చూపించేటప్పుడు తండ్రుల్ని కూడా కూర్చోబెట్టాలి.