కొత్త వెర్షను, పాత ఉత్తరాలు

"బాగా నడుస్తున్న దానిని ఎందుకు కదపడం?" సర్వర్లు మారుతున్నాయనీ, ఈ-మెయిలు కొత్త వెర్షనుకు వెళుతున్నదనీ సర్క్యులరు వెలువడిన ప్రతిసారీ కార్యాలయాలలో వినవచ్చే ప్రశ్న ఇది. ప్రశ్నించేవారిని బద్ధకస్తులని కొట్టివేయడం సులభమే కాని, న్యాయం కాదు. మార్పు జరిగిన మరునాడు ఉదయం బిల్లు అచ్చు కాకపోతే కౌంటరు వద్ద మాట పడేది వారే కదా! అయినప్పటికీ ఈ ప్రశ్నకు సమాధానం ఉన్నది. అది ఎక్కడో అమెరికాలో కాదు, మన ఖరగ్‌పూర్ పొరుగుననే దొరుకుతుంది.

ఖరగ్‌పూర్ నుండి బాలేశ్వర్ వైపు వెళ్ళే రైలు మార్గం పాఠకులకు కొత్త కాదు. సెలవులకు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వెళ్ళే మన కుటుంబాలన్నీ ఆ దారినే పోవాలి. హిజ్లీ దాటిన తరువాత నారాయణ్‌గఢ్, బేల్దా, దాంతన్ స్టేషన్లు వరుసగా వస్తాయి. 2017 మే నెల మధ్యలో ఈ మూడు ఊళ్ళలోనూ, సమీపంలోని కేశియారిలోనూ ఉన్న రాష్ట్ర విద్యుత్ పంపిణీ సంస్థ కార్యాలయాలలో కంప్యూటర్లు స్తంభించిపోయాయి. తెరమీద ఎర్రని గళ్ళలో ఒక ప్రకటన ప్రత్యక్షమైంది: మీ ఫైళ్ళన్నిటికీ తాళం పడినది, 300 డాలర్లు బిట్‌కాయిన్ రూపంలో చెల్లించినచో తాళం తీయబడును. కరెంటు బిల్లు కట్టడానికి వచ్చిన వినియోగదారులకు ఇబ్బంది తప్పలేదు.

'వాన్నాక్రై' అనే ఆ వైరసు అదే సంవత్సరం మే 12వ తేదీన బయలుదేరి, కొద్ది రోజులలోనే 150 దేశాలకు పైగా వ్యాపించి, రెండు లక్షలకు మించిన కంప్యూటర్లను పట్టుకున్నది. బ్రిటన్‌లో ప్రభుత్వ ఆసుపత్రులు రోగులను వెనుకకు పంపవలసి వచ్చింది. జర్మనీ రైల్వేలలో బండ్ల రాకపోకలు తెలిపే స్టేషను బోర్డుల మీద రైళ్ళ సమయాలకు బదులు ఈ బెదిరింపు ప్రకటన కనిపించింది. మన స్వస్థలాలు కూడా తప్పించుకోలేదు. ఆంధ్రప్రదేశ్‌లో శ్రీకాకుళం, విశాఖపట్నంతో సహా పలు జిల్లాల పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు దాని వాతపడ్డాయి.

ఇక్కడ గమనార్హమైన విషయం ఒకటి ఉన్నది. ఆ వైరసు ప్రవేశించిన ద్వారం, విండోస్‌లో ఫైళ్ళను ఒకరితో ఒకరు పంచుకొనడానికి వాడే పాత పద్ధతిలోని లోపం. ఆ లోపాన్ని పూడ్చే సవరణను మైక్రోసాఫ్ట్ సంస్థ 2017 మార్చి 14వ తేదీననే విడుదల చేసి ఉన్నది. మార్చి 14 నుండి మే 12 వరకు 59 రోజులు. ఆ 59 రోజులలో సవరణ వేసుకొన్నవారి ద్వారం ఆ దాడికి మూతపడింది, వేసుకొననివారిది తెరచియే ఉన్నది. అంతకన్నా పాతదైన విండోస్ ఎక్స్‌పీ వాడుకరులకైతే ఆ సౌకర్యమే లేదు. దానికి మద్దతు 2014 ఏప్రిల్‌లోనే ముగిసింది. దాడి జరిగిన తరువాత మాత్రమే, ప్రత్యేకంగా పరిగణించి, ఎక్స్‌పీకి కూడా సవరణ విడుదల చేశారు.

వ్యాప్తి నెమ్మదించిన తీరు విచిత్రమైనది. ఆ వైరసు ఏ యంత్రంలో ప్రవేశించినా ముందుగా అర్థంలేని పొడవాటి ఇంటర్నెట్ చిరునామా ఒకటి పలుకుతున్నదా అని చూసేది. పలికితే తన పని ఆపివేసేది. మార్కస్ హచిన్స్ అనే బ్రిటిష్ యువకుడు పది డాలర్ల పైచిలుకు ఖర్చుతో ఆ చిరునామాను నమోదు చేయించగా ప్రపంచం ఊపిరి పీల్చుకున్నది. అటువంటి అదృష్టం ప్రతిసారీ కలిసిరాదు.

కనుక వెర్షను మార్పు అంటే కొత్త రంగులు, కొత్త బొమ్మలు కాదు; లోపం బయటపడినప్పుడు దానిని పూడ్చే బాధ్యత వహించేవాడు ఒకడు ఉన్నాడా లేడా అన్నదే అసలు ప్రశ్న. ఎక్స్ఛేంజ్ 2016, 2019 మెయిలు సర్వర్లకూ, విండోస్ 10కూ మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఆ మరునాడు ఏ సర్వరూ ఆగిపోలేదు. ఆగి ఉంటే ఒక విధంగా మేలే జరిగేది, అందరూ వెంటనే మార్చి ఉండేవారు.

ఇక మార్చడంలోని కష్టమేమిటో చూద్దాం. ఇందుకు ఖరగ్‌పూర్ స్టేషను యార్డును మించిన ఉదాహరణ నాకు తోచడం లేదు. ఒక బండికి ఒక మార్గం ఏర్పరచిన తరువాత, దానిని అడ్డగించే మరొక మార్గానికి సిగ్నలు పడకుండా కాపాడే ఏర్పాటును ఇంటర్‌లాకింగ్ అంటారు. ఖరగ్‌పూర్‌లో రిలేలతో పనిచేసిన పాత వ్యవస్థ స్థానంలో 2017 నవంబరులో ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ ప్రవేశపెట్టారు. సుమారు 800 మార్గాలను ఏర్పరచగల ఈ వ్యవస్థ ఆసియాలోనే అతి పెద్దదని అప్పట్లో ప్రకటించారు. హౌరా, టాటానగర్, బాలేశ్వర్, ఆద్రా దిక్కుల బండ్లన్నీ కలిసే జంక్షనులో ఈ పని జరగాలి. యార్డును నెలల తరబడి మూసి ఉంచడం అసాధ్యం. పాత వ్యవస్థను విప్పి, కొత్తది తగిలించే ఆ కొద్ది రోజులలో ఇంటర్‌లాకింగ్ రక్షణ ఉండదు. అందుచేత కొన్ని బండ్లను రద్దు చేశారు, కొన్నింటిని దారి మళ్ళించారు. అటువంటి రోజులలో పాయింట్లను క్లాంపులతో బిగించి తాళం వేసి, సిబ్బంది స్వయంగా నిలబడి, బండిని నెమ్మదిగా నడిపిస్తారు. ప్రతి మార్గాన్నీ విడివిడిగా పరీక్షించిన తరువాతనే కొత్త ప్యానెలు చేతికి వస్తుంది. ప్రయాణికులు విసుక్కున్న మాట నిజం. ఆ విసుగుకు ముందుగా తేదీలు ప్రకటించారు కనుక అది విసుగుగానే మిగిలింది.

మెయిలు సర్వరు మార్పిడి కూడా సరిగ్గా ఇదే క్రమంలో సాగుతుంది. అయితే మెయిలుకు రైలుకు లేని సుగుణం ఒకటి ఉన్నది. మన సర్వరు కొద్ది గంటలు పలకకపోయినా, ఉత్తరం పంపిన వారి సర్వరు దానిని పారవేయదు. తన వద్దనే వరుసలో నిలిపి, మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుంది. నాలుగైదు రోజుల వరకు ఆ విధంగా ఓపిక పట్టాలని అంతర్జాతీయ నియమమే చెబుతున్నది. అందువల్ల శనివారం రాత్రి మార్పిడి జరిగి ఆదివారం మెయిలు రాకపోతే ఉత్తరాలు గల్లంతైనట్లు కాదు. సోమవారం గుంపుగా వచ్చి పడతాయి. కొత్తగా రావలసిన ఉత్తరాల విషయంలో దిగులు అక్కరలేదు.

దిగులు పడవలసింది పాత ఉత్తరాల గురించి. సర్వరులో ఉన్న ఉత్తరాలను సాంకేతిక సిబ్బంది తరలిస్తారు. కాని చాలామంది సీనియర్ ఉద్యోగుల మెయిలు సర్వరులో లేనే లేదు. పూర్వం సర్వరులో చోటు తక్కువగా ఉండేది కనుక, ఉత్తరాలను తమ బల్ల మీది కంప్యూటరులోకి దింపుకొని, సర్వరు నుండి తొలగించే ఏర్పాటు ఉండేది. పదోన్నతి ఉత్తర్వులు, బదిలీ కాగితాలు, మెడికల్ రీయింబర్స్‌మెంటు మంజూరులు, ప్రావిడెంటు ఫండు వివరణలు అన్నీ ఆ ఒక్క యంత్రంలోని ఒక్క ఫైలులో కూర్చొని ఉంటాయి. ఔట్‌లుక్ 2002, అంతకు పూర్వపు వెర్షన్లలో ఆ ఫైలు పరిమితి 2 గిగాబైట్లు. అది దాటితే ఫైలు చెడిపోయి తెరుచుకోకపోవచ్చు. అంతేకాక, పాత కంప్యూటరును వేలానికి పంపే ముందు డిస్కును తుడిచివేస్తారు. పదవీ విరమణకు ఆరు నెలల ముందు, పెన్షను కాగితాలలో ఒక్క ఉత్తర్వు కావలసి వచ్చినప్పుడు గాని ఆ ఫైలు విలువ తెలియదు. కాబట్టి మార్పిడి తేదీకి ముందే మీ ఉత్తరాలు సర్వరులో ఉన్నవా, మీ యంత్రంలో ఉన్నవా అని మీ విభాగపు కంప్యూటరు సిబ్బందిని అడిగి తెలుసుకొనండి. మీ యంత్రంలో ఉంటే తరలింపు జాబితాలో ఆ ఫైలును వ్రాయించండి.

ఈ మార్పులు మనకొక్కరికే కాదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులవి సుమారు 12 లక్షల ఈ-మెయిలు ఖాతాలు జోహో సంస్థ రూపొందించిన వేదికకు తరలినట్లు 2025 అక్టోబరులో పత్రికలు వ్రాశాయి. యంత్రాలు, సాఫ్ట్‌వేరు మారినా 'గవ్ డాట్ ఇన్' చిరునామాలు మాత్రం అలాగే నిలిచాయి. చిరునామా ఒకటి, దాని వెనుక ఉత్తరం చేర్చే వ్యవస్థ వేరొకటి అని దీనివల్ల తేటపడుతున్నది. ఇల్లు మారకుండానే మీ పేట పోస్టాఫీసు కొత్త భవనానికి వెళ్ళినట్లు.

ఈ సందర్భాన్ని మోసగాళ్ళు కూడా కనిపెట్టి ఉంటారు. "మీ మెయిలు పెట్టె 24 గంటలలో మూతపడును, క్రింది లింకులో పాస్‌వర్డు ఇవ్వండి" అనే ఉత్తరాలు మార్పిడి వారంలోనే ఎక్కువగా వస్తాయి. సాంకేతిక సిబ్బందికి మీ పాస్‌వర్డు ఎన్నడూ అవసరం ఉండదు. ఇంట్లో ఆఫీసు మెయిలు తెరిచే కుటుంబ సభ్యులకు కూడా ఈ మాట చెప్పండి.

ప్రస్తావన వచ్చింది కనుక ఒక మాట. ఖరగ్‌పూర్‌కు ఈ-మెయిలు నిన్న మొన్న వచ్చిన వింత కాదు. 1986లో ప్రారంభమైన 'ఎర్నెట్' పథకంలో తొలినాటి భాగస్వాములైన ఐదు ఐఐటీలలో ఖరగ్‌పూర్ ఐఐటీ ఒకటి. సామాన్యులకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న అందుబాటులోకి రాకముందే హిజ్లీ ఆవరణలో ఉత్తరాలు తీగల మీద ప్రయాణించాయి.

చివరిగా, తెలుగు కుటుంబాలకు ప్రత్యేకించిన విషయం. పాత కంప్యూటర్లలో తెలుగులో వ్రాసుకొన్న కాగితాలు, సంఘాల ఆహ్వానాలు, అమ్మాయి పెళ్ళి శుభలేఖ, ఊరికి వ్రాసిన ఉత్తరం కొత్త వెర్షనులో తెరిస్తే అర్థంకాని రోమను అక్షరాల కుప్పగా కనిపిస్తాయి. ఫైలు పాడైపోయిందని తలచి చెరిపివేసేవారు ఉన్నారు. దయచేసి చెరిపివేయకండి. అది పాడు కాలేదు. ఆ రోజులలో 'అను' వంటి ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల సంకేతాల మీదనే తెలుగు ఆకారాలను తొడిగేవి. ఫాంటు లేకపోతే తొడుగు జారిపోయి లోపలి సంకేతం బయటపడుతుంది, అంతే. 1991లోనే యూనికోడ్ తెలుగుకు సొంత సంకేతాలను కేటాయించింది. 2001లో విండోస్ ఎక్స్‌పీ 'గౌతమి' ఫాంటుతో దానిని సామాన్యుల బల్ల మీదికి తెచ్చింది. పాత ఫాంటులోని మాటలను యూనికోడ్‌కు మార్చే సాధనాలు నేడు ఉచితంగా లభిస్తున్నాయి. మార్చిన తరువాత ఒత్తులను, పొల్లులను ఒకసారి కంటితో సరిచూడాలి. తప్పులు ఎక్కువగా దొర్లేది అక్కడే.

2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగును అధికార భాషల జాబితాలో చేర్చడానికి ఆమోదించినప్పుడు ఖరగ్‌పూర్ తెలుగువారు సంతోషించారు. తెలుగులో అర్జీ పెట్టుకొంటే అది అవతలి కార్యాలయపు తెర మీద కూడా తెలుగుగానే కనిపించాలి. అందుకు ఆ అర్జీ యూనికోడ్‌లో ఉండి తీరాలి.

పాత ఫాంటు ఫైళ్ళను మార్చుకొనే పద్ధతిని వచ్చే సంచికలో అంచెలంచెలుగా వివరిస్తాను. ఈలోగా మీ వద్ద ఉన్న ఒక పాత ఫైలును, దానితో పాటు ఆ నాటి అచ్చు ప్రతి దొరికితే దానిని కూడా, సిద్ధంగా ఉంచుకొనండి. ఫైలు పేరు చివరి అక్షరాలను మార్చకండి.