బందరు సమాధులు: భయం వెనక చరిత్ర

బందరు అని పిలిచే మచిలీపట్నంలో పాత కట్టడాలు, సమాధులు చాలా ఉన్నాయి. వాటి చుట్టూ అల్లుకున్న దయ్యాల కథలూ అన్నే ఉన్నాయి. బందరు రేవులో 17వ శతాబ్ది ఆరంభంలోనే డచ్చివారు వర్తక స్థావరం పెట్టారు. 1611లో ఆంగ్లేయులు వచ్చారు. ఇక్కడి అద్దకం బట్టల కోసం ఓడలెక్కి వచ్చినవారిలో ఎందరో తిరిగి వెళ్లలేదు.

వారిలో కొందరు డచ్చి సమాధుల్లో ఉన్నారు. ఈ స్థలం కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. రాతి పలకల మీద వంశ చిహ్నాలు, ఉబ్బెత్తుగా చెక్కిన డచ్చి భాషలోని అక్షరాలు కనిపిస్తాయి. ఆ భాష చదవగలిగేవారు అరుదు కావడంతో రాతలోని మనుషులు మరుగునపడ్డారు.

సెయింట్ మేరీస్ చర్చిది మరో కథ. 1809లో చనిపోయిన అరబెల్లా రాబిన్సన్ అనే యువతి సమాధి ఇక్కడుంది. ఆమెను ప్రేమించిన సైనికాధికారి జాన్ పేటర్, శ్మశానంలో చోటు నిరాకరించడంతో తన స్థలంలోనే ఖననం చేసి, పైన ఈ చర్చి కట్టించాడని చెబుతారు. దేహం చెడకుండా లేపనాలు పూయించి అద్దాల పెట్టెలో ఉంచాడనీ, తరచూ వచ్చి చూసుకునేవాడనీ జనం చెప్పుకుంటారు. ఇందులో నిజమెంతో తేల్చడం కష్టం. చోటు నిరాకరించారన్న మాట మాత్రం ఆనాటి సమాజంలో చావు దగ్గర కూడా పాటించిన అంతరాలను గుర్తుచేస్తుంది.

బందరుకు అన్నిటికన్నా పెద్ద విషాదం ఉప్పెన. 1864 నవంబరు 1 రాత్రి తుపానుతో పాటు సముద్రం ఊరి మీద పడింది. కోటా, పేటలూ, చుట్టుపక్కల పల్లెలూ మునిగిపోయాయి. సుమారు 30 వేల మంది చనిపోయారని అంచనా. వారిలో అత్యధికులకు సమాధి లేదు, పేరు చెక్కిన రాయి లేదు.

దయ్యాల కథలు ఈ చోట్లను జనం నోళ్లలో బతికించాయి. ఆ మేలు ఒప్పుకోవలసిందే. అయితే కథ ఒక్కటే మిగిలితే కారణాలు మాసిపోతాయి: జ్వరాలు, యుద్ధాలు, ఉప్పెనలు, దూరదేశపు వర్తకం. సమాధుల మీది రాతలను చదివి తెలుగులోకి తేవాలి, పెద్దల నోటి కథలను రాసిపెట్టాలి, రెండింటినీ పక్కపక్కనే బడిపిల్లలకు చెప్పాలి. ఉప్పెనలో పోయిన పేరులేని వేలమందికి కూడా ఆ చరిత్రలో చోటుండాలి. ప్రహరీ కట్టి తాళం వేయడంతో వారసత్వ రక్షణ పూర్తి కాదు.