కోలారు బంగారు గనులు నేర్పు పాఠము

నేటి మన యువకులకు కోలారు బంగారు గనుల పేరు 2018లో వచ్చిన చలనచిత్రము వలన తెలిసినది. మన పెద్దలకు అది వేరొక విధముగా తెలియును. చిత్తూరు, ఉత్తర ఆర్కాడు, సేలము ప్రాంతముల నుండి కరవు కాలమున మూటా ముల్లె కట్టుకొని కూలికి పోయిన వారి ఊరది. గత మాసమున వ్యాపార కార్యమై బంగారుపేటకు పోవలసి రాగా, ఒక పూట తీరిక చేసికొని ఆ ఊరు చూచి వచ్చితిమి. అచట చూచినదియు, చూచిన పిమ్మట మాకు తోచినదియు మనవారి ముందుంచుట విధి యని తలచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

కోయంబత్తూరులో రైలెక్కినచో సేలము, జోలారుపేట, కుప్పము దాటి బంగారుపేట వచ్చును. అచటి నుండి గనుల కొరకే 1894లో వేసిన చిన్న దారి ఊరుగాము, చాంపియన్ మీదుగా మారికుప్పము వరకు పోయి ఆగును. మేము చాంపియన్ స్టేషనులో దిగి నడక సాగించితిమి. మొదట కంటబడినవి దిబ్బలు. నూరేండ్లకు పైగా రాతిని పిండిచేసి, సయనైడుతో బంగారము తీసివేసి పారబోసిన మట్టి అది. కొండలవలె నిలిచియున్నది. గాలి వీచినప్పుడెల్ల సన్నని పొడి లేచి ఇండ్లమీద పడుచుండును. ఆ దిబ్బల వెనుక గని నోటిమీద ఇనుప గోపురము, దాని తలపై తిరుగని చక్రములు. ఒకనాడు ఆ చక్రములే మనుష్యులను పాతాళమునకు దింపి మరల పైకి తెచ్చినవి. చాంపియన్ గని లోతు 3 కిలోమీటర్లకు మించినది. అంత లోతున బండ వేడిమియే 60 డిగ్రీలు దాటును. పైనుండి బండలు పగిలి పడి చచ్చినవారు కొందరు, రాతి పొడి ఊపిరితిత్తులకెక్కి నెమ్మదిగా చచ్చినవారు మరి కొందరు.

ఆ ఊరి వైభవము సామాన్యమైనది కాదు. 1880లో జాన్ టేలర్ కంపెనీ పని ప్రారంభించినది. 1902లోనే శివసముద్రము జలపాతమునుండి సుమారు 92 మైళ్ళ దూరము తీగెలు లాగి ఈ గనులకు విద్యుచ్ఛక్తి తెచ్చిరి. బెంగుళూరు వీధులలో విద్యుద్దీపములు వెలిగినది అటుపిమ్మట, 1905లో. దొరల బంగళాలు, క్లబ్బులు, తోటలు చూచి దానిని చిన్న ఇంగ్లండు అనెడివారు. ఒకప్పుడు ముప్పదివేలమందికి పైగా అచట పనిచేసిరి. 1956లో మైసూరు ప్రభుత్వము గనులను స్వాధీనము చేసికొనినది. 1962లో అవి కేంద్ర ప్రభుత్వము చేతికి పోయినవి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ ఏర్పడినది. తొలినాళ్ళలో టన్ను రాతికి 40 గ్రాములకు మించి దొరకిన బంగారము చివరకు 3 గ్రాముల ప్రాంతమునకు దిగెను. రాబడికంటె ఖర్చు మిక్కుటమయ్యెను. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి. అప్పటికి మిగిలిన కార్మికులు నాలుగువేలకు లోపు.

వర్తకులము గనుక ఒక లెక్క చెప్పక మానలేము. మూతపడిన నాడు పది గ్రాముల బంగారము వెల ఐదువేల రూపాయలకు లోపు. 2025లో లక్ష దాటినది. దిబ్బల మట్టినుండియే మరల బంగారము తీయుటకు 2024లో కర్ణాటక మంత్రివర్గము సమ్మతించినది. బంగారము ఎక్కడికిని పోలేదు. క్రిందనే యున్నది. కాని అంతకాలము రేయింబవళ్ళు నీరు తోడుచుండిన పంపులు ఆగినవి. ఆగిన నాటినుండి నీరు ఊరి సొరంగములు నిండినవి. గనిలో బంగారము తరుగుట యొక కష్టము. ఉన్న బంగారమునకు దారి మూసికొనిపోవుట వేరొక కష్టము. ఈ రెండవదానిని మనవారు గుర్తుంచుకొనవలెను. దానిని గూర్చి ముందు మరల చెప్పెదము.

దిబ్బలు దాటి లైనిండ్ల వైపు పోతిమి. కొన్ని కూలినవి; కొన్నిట కాపురములున్నవి. ఒక అరుగుమీద డెబ్బదియైదేండ్ల వృద్ధుడు కూర్చుండియుండెను. మేము తమిళమున దారి అడుగగా, మా యాస విని తెలుగున బదులు చెప్పెను. కుప్పము దగ్గరి పల్లెనుండి తాత వచ్చినాడట. తాత, తండ్రి, తాను మూడు తరములు గనిలోనే దిగిరట. మేము అడిగినదానికి ఆయన చెప్పినది ఆయన మాటలలోనే వ్రాయుచున్నాము: "ఇల్లు కంపెనీది, కరెంటు కంపెనీది, బడి కంపెనీది, ఆసుపత్రి కంపెనీది నాయనా. మాదని ఒకటి ఉండిందంటే అది పని. అది పోయినాకే తెలిసింది, ఏదీ మాది కాదని."

కొడుకులిద్దరును తెల్లవారకముందే రైలెక్కి బెంగుళూరు పోయి చీకటి పడిన పిమ్మట తిరిగి వత్తురట. ఆ ఊరివారు వేలమంది బ్రతుకు నేడట్లే యున్నది. నిలువనీడకు హక్కుపత్రము కొరకు అర్జీలు పెట్టి పెట్టి ఆయన అలసినాడు. కాని వెడలునప్పుడు మమ్ము వీధి చివరకు తీసికొనిపోయి ఒక చిన్న భజనమందిరము చూపెను. లైనువారు నెలకింత యని చందా వేసికొని కట్టుకొనినదట. సున్నము కొత్తది, దీపము వెలుగుచుండెను. "ఇది మాది," అనెను. అంతకుమించి ఏమియు చెప్పలేదు.

తిరుగు రైలులో ఆ మాటయే చెవిలో మ్రోగినది. కంపెనీ కట్టిన పెద్ద ఆసుపత్రి మూతపడినది. కూలివారు కట్టుకొనిన చిన్న మందిరము నిలిచినది. దానికి కారణము రాతి గట్టితనము కాదు. ఇచ్చినవాడు పోయినప్పుడు వాడిచ్చినది వానితో పోయెను. తమ చేతులతో నిలుపుకొనినది తమతో నిలిచెను.

మన చరిత్రయు ఇదే చెప్పుచున్నది. 1529 ప్రాంతమున విశ్వనాథనాయకునితో మధురలో నాయకరాజ్యము ఏర్పడినది. కొలువులో తెలుగు వెలిగినది. తిరుమలనాయకుడు మహలు కట్టించెను. ఆయన మనుమడు చొక్కనాథుడే దానిలో కొంత పడగొట్టించి తిరుచిరాపల్లికి తరలించుకొనిపోయెను. 1736లో రాణి మీనాక్షితో ఆ రాజ్యము ముగిసినది. కొలువు పోయినది, మన్ననలు పోయినవి. అయినను, కొలువు పోయి మూడువందల ఏండ్లు కావచ్చుచున్న నేటికిని మధురలో, దిండిగల్లులో, కోయంబత్తూరు నల్లరేగడి పల్లెలలో తల్లులు బిడ్డలను తెలుగుననే లాలించుచున్నారు. రాజు నిలుపలేని దానిని ఇల్లాండ్రు నిలిపిరి.

కోయంబత్తూరున మిల్లుల కథయు మనకు తెలిసినదే. 1888లో స్టేన్సు దొర మొదటి మిల్లు పెట్టెను. 1930ల తొలినాళ్ళలో పైకారా విద్యుచ్ఛక్తి వచ్చిన పిమ్మట ఊరెల్ల పొగగొట్టములు లేచినవి. అందు మనవారి పాలు పెద్దది. 2020లో లాక్‌డౌను నాడు ఆగిన జాతీయ జౌళి సంస్థ మిల్లుల కార్మికులు ఏండ్ల తరబడి జీతముల కొరకు వీధిలో నిలువవలసి వచ్చెను. కాని 1926లో పి. ఎస్. గోవిందస్వామి నాయుడుగారి కుమారులు నలుగురు ఆస్తిని ఐదు భాగములు చేసి, ఐదవ భాగమును ధర్మమునకు విడిచిరి. ఆ ధర్మము పేర బడులును, కళాశాలలును, ఆసుపత్రియు నేటికిని నడచుచున్నవి. ఒకరి ఇష్టాయిష్టములపై నిలువకుండ ధర్మసంస్థగా వ్రాసియిచ్చుటయే అందలి వివేకము.

ఇప్పుడు మన ఇంటి సంగతికి వత్తము. పొరుగువారిని విమర్శించుటకు ముందు మా తప్పు మేమే ఒప్పుకొందుము. మా తాతగారు వ్రాసిన కొట్టు లెక్కల పుస్తకములు మా ఇంట ఒక పెట్టెనిండ నున్నవి. ఎవరికి ఎంత అప్పిచ్చినది, ఏ కరవులో ఎవరి బాకీ కొట్టివేసినది, ఏ పెండ్లికి ఏమి పెట్టినది, అన్నియు తెలుగు అక్షరములలో నున్నవి. మేము చదువగలము. మా కుమారుడు తెలుగు చక్కగా మాట్లాడును. ఒక్క అక్షరము గుర్తింపలేడు. చెల్లెలి పెండ్లి శుభలేఖను తమిళ లిపిలో వ్రాసి యిచ్చినగాని చదువలేకపోయినాడు. పెట్టెలో బంగారమున్నది, దారిలో నీరు నిండినది. పంపు ఆపినవారము మేమే.

దీనికి ప్రభుత్వమును నిందించి ఊరకుండుట సులభము. 2006లో చేసిన చట్టముచేత తమిళము ఒకటవ తరగతి మొదలు క్రమముగా పదవ తరగతి వరకు అందరికిని తప్పనిసరి యైనది. మైనారిటీ భాషల పిల్లల కొరకు సంఘములు న్యాయస్థానములకు పోయినవి, పోవలసినదే. అయినను రెండు మాటలు నిష్కర్షగా చెప్పుచున్నాము. ఒకటి: తమిళము మనకు అన్నము పెట్టిన భాష, మన బిడ్డలు దానిని తక్కినవారికి తీసిపోకుండ నేర్వవలెను. రెండు: చట్టమునకు పూర్వమే మనలో ఎన్ని ఇండ్లలో తెలుగు అక్షరములు దిద్దించుచుండిరి? బడిలో ఉన్నదిగదా యని ఇంట మానితిమి. బడిలో తగ్గినప్పుడు రెండును పోయినవి. అది కంపెనీ బడిని నమ్ముకొనినట్లే యయ్యెను.

తెలుగు అక్షరము కూడు పెట్టునా యని కొందరు అడుగుదురు. పెట్టదు. ఆ భజనమందిరమును కూడు పెట్టలేదు. అయినను ఆ వృద్ధుడు మమ్ము తీసికొనిపోయి చూపినది దానినే.

కావున సంఘ సభ్యులకు మేము చేయు సూచన యిది. ప్రతి ఇంట రాత్రి భోజనమునకు ముందు అరగంట అక్షరాభ్యాసము జరుగవలెను; చదువ వచ్చిన తాతయో అమ్మమ్మయో ఉన్న ఇంట గురువును వెదకనక్కరలేదు. పెట్టెలలోని పాత ఉత్తరములు, లెక్కలు, శుభలేఖలే పాఠ్యపుస్తకములు. అట్టివారు లేని ఇండ్ల పిల్లలకై ఆదివారము తరగతి నడపవలెను. అందులకు మా కొట్టు మేడమీది గది సిద్ధముగా నున్నది. కాని దానిని ఊరక తీసికొనవలదు. నెలకు ఒక్క రూపాయి యైనను సంఘము అద్దె చెల్లించి రసీదు పుచ్చుకొనవలెను. ఇన్ని సంవత్సరములకని కాగితము వ్రాయించుకొనవలెను. ఉపాధ్యాయుని జీతమునకు ప్రతి కుటుంబము తన శక్తికొలది చందా వేయవలెను. చిన్న మొత్తమైనను అందరిదై యుండవలెను. లేనియెడల మేము మనసు మార్చుకొనిన నాడో, మా తరువాతివారికి ఆ గది కావలసిన నాడో, అదియు కంపెనీ బడివలెనే మూతపడును.

వచ్చు ఆదివారము ఉదయము మా కుమారుడు మొదటి విద్యార్థిగా పలక పట్టుకొని కూర్చుండును. వానికి ఇరువదియొకటవ యేడు. సిగ్గుపడుచున్నాడు, వచ్చెదనన్నాడు. తక్కిన ఇండ్లవారును తమ పిల్లలను తోడుకొని రావలెనని కోరుచున్నాము.