పొట్లము వెనుక అక్షరములు

ప్రాథమిక పాఠశాలకు బయలుదేరు పిల్లవాని చేతిలో తల్లి పెట్టు ఐదు రూపాయల నాణెము చాల చిన్నదిగా కనిపించును. కాని బడి ఏడాదికి రెండువందల రోజులకు పైగా నడుచును. ఆ నాణెములన్నియు కూడబెట్టి లెక్కించినచో వేయి రూపాయలు దాటును. బీడీలు చుట్టు ఇంటికి, మరమగ్గము నడుపు కార్మికుని ఇంటికి అది చిన్న సొమ్ము కాదు. ఆ సొమ్ముతో మనము బిడ్డకు బలమును కొనుచున్నామా, లేక ఒక క్షణపు రుచిని కొనుచున్నామా?

ఇంట వండిన చిరుతిండియే శ్రేష్ఠమని ఉపదేశించుట సులభము. సిరిసిల్లలో మరమగ్గములు పగలు రాత్రి వంతులవారీగా నడుచును. జగిత్యాల, కోరుట్ల ప్రాంతములలో ఎందరో తల్లులు బీడీల చాట ఒడిలో పెట్టుకొని సంసారము నెట్టుకొని వచ్చుచున్నారు. పొద్దుపొడుపునుండి క్షణము తీరిక లేని తల్లికి “రోజును ఏదో ఒకటి వండిపెట్టుము” అని చెప్పుట న్యాయము కాదు. అంగడిలో కొనుట తప్పు కాదు. ఏమి కొనవలెననునదియే ప్రశ్న.

ప్రభుత్వ పాఠశాలలలో మధ్యాహ్న భోజనము కలదు గదా యని కొందరనవచ్చును. 1995 ఆగస్టు 15న కేంద్రప్రభుత్వము ప్రారంభించిన ఆ పథకము, 2001 నవంబరులో సుప్రీంకోర్టు వండిన అన్నమునే పెట్టవలెనని ఆజ్ఞాపించిన పిదప, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరి నుండి అమలులోనికి వచ్చినది. అది గొప్ప మేలు. కాని ఉదయపు విరామములో దుకాణమునందు వ్రేలాడు రంగురంగుల పొట్లములతో కడుపు నింపుకొన్న పిల్లవాడు మధ్యాహ్నము పప్పన్నమును ప్రక్కకు నెట్టును. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణలో ఆరు నెలలు మొదలు ఐదేండ్లలోపు పిల్లలలో నూటికి డెబ్బది మందికి రక్తహీనత కలదు. వారే మరునాడు ఒకటవ తరగతి బల్లలపై కూర్చుండువారు. వారి చేతిలోని నాణెము వృథా పోరాదు.

పొట్లము ముందువైపు బొమ్మలుండును. నిజము వెనుకవైపు ఉండును. అందు వాడిన పదార్థములను ఎక్కువ బరువు గలదానితో మొదలుపెట్టి వరుసగా వ్రాయవలెనని చట్టము చెప్పుచున్నది. మొదటి మూడు పేర్లలో చక్కెర, పామాయిలు, మైదా కనిపించినచో ఆ పొట్లములో ఉన్నది ప్రధానముగా అవియే. ముందువైపు పండు బొమ్మ ఉన్నంత మాత్రమున లోపల పండు ఉండదు. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఇచ్చిన పదునాలుగు అంకెల లైసెన్సు సంఖ్య, తయారైన తేది, నికర బరువు కూడ అక్కడనే ఉండును. ధరను బరువుతో భాగించి చూచినచో, గాలితో ఉబ్బిన సంచిలో మనము దేనికి డబ్బు చెల్లించుచున్నామో తెలియును.

అయితే ఇక్కడ ఒక చిక్కు కలదు. ఈ వివరములు ఇంగ్లీషులో గాని హిందీలో గాని ఉన్నచో చట్టమునకు చాలును. తెలుగు గాని ఉర్దూ గాని తప్పనిసరి కాదు. మన తల్లులలో తెలుగు చదువగలవారున్నారు, ఉర్దూ చదువగలవారున్నారు. ఆ సన్నని ఇంగ్లీషు అక్షరములను చదువగలవారు ఎందరు? ఎవరి బిడ్డ తినుచున్నాడో వారికే తెలియని భాషలో ఆ తిండి వివరము ఉండుట అన్యాయము. ఈ రాష్ట్రములో అమ్ము పొట్లములపై తెలుగు, ఉర్దూ అక్షరములు కూడ ఉండవలెనని మనము గట్టిగా కోరవలెను. ఆ కోరిక నెరవేరువరకు ఆ అక్షరములను చదువవలసినవారు మీరే. కళాశాల విద్యార్థినీ విద్యార్థులారా! మీ ఇంట తమ్ముడో చెల్లెలో బడికి పోవుచుండును. మీ చదువు ఆ ఇంటికి మొట్టమొదట ఉపయోగపడవలసిన చోటు ఇదియే.

రంగుల విషయము సిరిసిల్లవారికి వేరుగ చెప్పనక్కరలేదు. బట్టకు అద్దు రంగు కడుపులోనికి పోరాదని వారికి తెలియును. పీచుమిఠాయిలో రోడమిన్-బి అను పారిశ్రామిక రంగు బయటపడుటచే తమిళనాడు ప్రభుత్వము 2024 ఫిబ్రవరిలో దాని అమ్మకమును నిషేధించినది. పేరు, లైసెన్సు సంఖ్య లేని గాఢమైన రంగు మిఠాయిని ఎంత చౌకయైనను విడిచిపెట్టుటయే మేలు.

మరి కొనదగినవేవి? పుట్నాలు, పల్లీపట్టి, నువ్వులుండలు, మురమురాలు, అరటిపండు, జామపండు. ఇవి మన అంగళ్ళలో సిద్ధముగా దొరకునవియే. వంద గ్రాముల పుట్నాలలో సుమారు 22 గ్రాములు, పల్లీలలో సుమారు 25 గ్రాములు మాంసకృత్తులుండును. పొట్టు తీయని నువ్వులలో వంద గ్రాములకు వేయి మిల్లీగ్రాములకు మించి కాల్షియం కలదు. జగిత్యాల సమీపమున పొలాసలోని వ్యవసాయ పరిశోధనా స్థానము మేలైన నువ్వు రకములను రూపొందించినది. మన నేలలో పుట్టిన ఆ గింజ మన పిల్లల చేతికి చేరకపోవుట వింత కాదా? జామపండులోని సి విటమిను, తిన్న ఆహారములోని ఇనుము ఒంటబట్టుటకు తోడ్పడును. తిండితోబాటు త్రాగు చాయ్ దానికి అడ్డుపడును. కనుక బిస్కత్తును చాయ్‌లో ముంచి బిడ్డను బడికి పంపు అలవాటు మానవలెను. రంజాను నెలలో ప్రతి ఇంటికి వచ్చు ఖర్జూరము తక్కిన నెలలలో కూడ ఒకటి రెండు పండ్లుగా పిల్లవాని జేబులో ఉండవచ్చును.

రెండు హెచ్చరికలు మాత్రము అవసరము. బెల్లము కూడ తీపియే. పట్టి చిన్న ముక్క చాలును, తిన్న పిదప నోరు పుక్కిలించవలెను. చేదెక్కిన, బూజు వాసన గల పల్లీలను పారవేయవలెను. వాటిలోని బూజు విషము కాలేయమునకు హాని చేయును.

పిల్లలు ఇవి తినరని కొందరందురు. సద్దుల బతుకమ్మనాడు నువ్వుల సత్తును, పీర్ల పండుగనాడు మలీదను చేయి చాచి అడుగునది ఆ పిల్లలే గదా! రుచి అలవాటునుండి పుట్టును. దుకాణదారుడు కూడ మన శత్రువు కాడు, అడిగినదానిని అమ్మును. పాఠశాల ఆవరణలోను, ద్వారమునుండి యాభై మీటర్లలోపున కొవ్వు, చక్కెర, ఉప్పు మితిమీరిన తినుబండారములను అమ్మరాదని 2020 నాటి నిబంధనలు చెప్పుచున్నవి. ఉపాధ్యాయులు ఆ నియమమును దుకాణదారునికి తెలిపి, మహిళా సంఘములు చేసిన పల్లీపట్టిని, నువ్వులుండలను ఆ స్థానమున పెట్టించినచో అతని బేరమునకు నష్టముండదు. నాలుగు ఇండ్లకు పని దొరకును.

ఈ వారము మీ తమ్ముని చేతిలోని పొట్లమును ఒకమారు వెనుకకు త్రిప్పి, అందున్నది మీ అమ్మకు ఆమె భాషలో చదివి వినిపింపుడు. ఏమి కొనవలెనో ఆమెయే నిర్ణయించుకొనగలదు.