కోడింగ్ పోటీల కోర్సు: నూజివీడు పిల్లలకు ఇది అవసరమా?

2025 సెప్టెంబర్ మొదటి వారంలో అజర్‌బైజాన్ రాజధాని బాకూలో ఐసీపీసీ ప్రపంచ ఫైనల్స్ జరిగాయి. యూనివర్సిటీ విద్యార్థుల ప్రోగ్రామింగ్ పోటీల్లో ఇంతకు మించిన పోటీ లేదు. 139 జట్లు, 12 ప్రశ్నలు, ఐదు గంటల సమయం. మొదటి స్థానం గెలిచిన రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ స్టేట్ యూనివర్సిటీ జట్టు 11 ప్రశ్నలకు జవాబు రాబట్టింది. అవే ప్రశ్నలు, అంతే సమయం ఇస్తే ఓపెన్‌ఏఐ కృత్రిమ మేధ 12కి 12 చేసింది. గూగుల్ వారి జెమిని 10 చేసింది.

బాకూ ఎక్కడ, నూజివీడు ఎక్కడ అనుకుంటే పొరపాటే. మామిడి తోటల మధ్య ఉన్న ట్రిపుల్ ఐటీలో మన పిల్లలు చదువుతున్నారు. పదో తరగతి ఫలితాలు, అడ్మిషన్ల నోటిఫికేషన్ వచ్చే రోజులూ మామిడి కోతల రోజులూ దాదాపు ఒకటే. తోట గుత్తకు పట్టిన అబ్బా, నున్న మార్కెట్‌కు లోడు పంపుతూనే కూతురి సీటు గురించి ఫోన్లు చేస్తుంటారు. అలాంటి ఇంట్లో ఇప్పుడు ఒక ప్రశ్న పుడుతోంది. కోడింగ్ పోటీలకు సిద్ధం చేసే సబ్జెక్టు ఒకటి ఉందంటున్నారు. యంత్రమే అన్నీ చేసేస్తుంటే మా పాప ఒక సెమిస్టర్ దాని మీద పెట్టాలా? ఈ ప్రశ్నకు ఔననో కాదనో ఒక్క మాటలో చెప్పి తప్పించుకోకూడదు.

ఇంతకీ ఆ కోర్సులో ఏం నేర్పుతారు?

దీన్ని కాంపిటీటివ్ ప్రోగ్రామింగ్ అంటారు. ఒక ప్రశ్న ఇస్తారు. దానికి ప్రోగ్రామ్ రాసి వెబ్‌సైట్‌లో పంపాలి. అవతల ఉన్న కంప్యూటర్ దాన్ని రకరకాల లెక్కలతో పరీక్షించి వెంటనే తీర్పు చెబుతుంది. అన్ని పరీక్షలూ నెగ్గితేనే మార్కు. సగం సరిగ్గా ఉందని కనికరించేది ఉండదు. పైగా జవాబు సరైనదైతే చాలదు, ఒకటి రెండు సెకన్లలో రావాలి.

మనకు తెలిసిన వ్యాపారంలోంచే ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక సీజన్‌లో 2 లక్షల మామిడి పెట్టెలు వచ్చాయనుకోండి. ఒక్కోదాని బరువు ఒక్కో రకం. రెండు పెట్టెలు కలిపి తూస్తే సరిగ్గా ఫలానా బరువు రావాలి. అలాంటి జత ఉందా, లేదా? ప్రతి పెట్టెనూ మిగతా అన్నిటితో జత కట్టి చూస్తే దాదాపు 2,000 కోట్ల జతలు అవుతాయి. కంప్యూటర్ సెకనుకు 10 కోట్ల జతలు చూసినా మూడు నిమిషాలు దాటుతుంది. టైమ్ అయిపోయిందని జడ్జి తిప్పి పంపేస్తాడు.

ఇప్పుడు పెట్టెలన్నీ బరువు ప్రకారం వరసలో పెట్టండి. ఒక వేలు అన్నిటికంటే తేలిక పెట్టె మీద, ఇంకో వేలు అన్నిటికంటే బరువు పెట్టె మీద ఉంచండి. మొత్తం ఎక్కువైతే బరువు వైపు వేలు ఒకటి వెనక్కి, తక్కువైతే తేలిక వైపు వేలు ఒకటి ముందుకు. 2 లక్షల అడుగుల్లోపే జవాబు తేలిపోతుంది. వరసలో పెట్టడానికి మరో 36 లక్షల పోలికలు పట్టినా అదంతా రెప్పపాటు పనే. మూడు నిమిషాలు ఎక్కడ, రెప్పపాటు ఎక్కడ! కంప్యూటర్ మారలేదు, ఆలోచన మారింది. కోర్సు నేర్పేది ఇదే. ఇలాంటి పద్ధతులు ఓ ముప్పై నలభై ఉంటాయి. ఏ ప్రశ్నకు ఏది పనికొస్తుందో గుర్తుపట్టడం, అది ఎందుకు సరైనదో తనకు తాను రుజువు చేసుకోవడం.

పెద్ద యూనివర్సిటీలు దీన్ని ఆటగా చూడటం లేదు. సింగపూర్ నేషనల్ యూనివర్సిటీలో స్టీవెన్ హాలిమ్ అనే అధ్యాపకుడు దీన్ని క్రెడిట్ కోర్సుగా నడిపారు, దాని మీద పుస్తకమూ రాశారు. ఫిన్లాండ్‌లోని హెల్సింకి యూనివర్సిటీకి చెందిన ఆంట్టి లాక్సొనెన్ రాసిన పుస్తకం, ఆయన తయారుచేసిన సీఎస్‌ఈఎస్ ప్రశ్నల సెట్ రెండూ ఉచితం. మన దేశంలో ఐఐటీ గాంధీనగర్ ప్రొఫెసర్ నీల్‌ధారా మిశ్రా ఎన్‌పీటెల్‌లో ఈ సబ్జెక్టు మొదటి నుంచి చెప్పారు. పాఠాలు చూడటానికి రూపాయి అక్కర్లేదు. సర్టిఫికెట్ కావాలనుకున్నవాళ్లే పరీక్ష ఫీజు కట్టాలి.

నూజివీడుకు దీనితో ఏం పని?

ట్రిపుల్ ఐటీలు 2008లో పెట్టిన ఉద్దేశం గుర్తుచేసుకోవాలి. పల్లెటూరి ప్రతిభకు చోటు ఇవ్వాలన్నది ఆ ఉద్దేశం. ఎంట్రన్స్ కోచింగ్ కొనుక్కోలేని పిల్లలకు పదో తరగతి మార్కులతోనే సీటు, ప్రభుత్వ బడిలో చదివిన వాళ్లకు అదనపు వెయిటేజీ, రెండేళ్ల పీయూసీ, నాలుగేళ్ల బీటెక్, అక్కడే హాస్టల్. తొలి చాన్సలర్ రాజ్ రెడ్డి గారు చిత్తూరు జిల్లా కాటూరు అనే పల్లెలో పుట్టి, కృత్రిమ మేధలో చేసిన కృషికి 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న మనిషి. బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్‌తో షేక్ వంటి వర్గాల పిల్లలు, బీసీ-బి కింద నూర్‌బాషా, దూదేకుల పిల్లలు ఈ తలుపు గుండా లోపలికి వెళ్లే వీలుంది. ఇంట్లో ఇంజనీరింగ్ చదివిన మొదటి మనిషి తామే అయిన పిల్లలు వీళ్లలో చాలామంది.

అయితే సీటు రావడం వేరు, సీటు వచ్చాక దారి తెలియడం వేరు. హైదరాబాద్‌లో పేరున్న కాలేజీలో చేరిన అబ్బాయికి మొదటి ఏడాదే సీనియర్లు చెప్పేస్తారు, ఫలానా సైట్‌లో ప్రాక్టీస్ చెయ్యి, ఫలానా పోటీ రాయి అని. ఇంట్లో అన్నో బాబాయో సాఫ్ట్‌వేర్‌లో ఉంటే ఆ మాట ఇంటర్‌లోనే చెవిన పడుతుంది. మన ఇళ్లలో చాలామంది పిల్లలకు ఆ సంగతి కంపెనీలు క్యాంపస్‌కు వచ్చే రోజు దాకా తెలియదు. అప్పటికి చేతిలో ఉన్న టైమ్ నెలలే.

ఆ రోజు జరిగేది చూడండి. టీసీఎస్ అందరికీ ఒకే జీతం ఇవ్వదు. నింజా అనే మొదటి మెట్టులో ఏడాదికి సుమారు మూడున్నర లక్షలు, డిజిటల్‌లో సుమారు ఏడు లక్షలు, ప్రైమ్‌లో అంతకు పైన. ఇన్ఫోసిస్‌లోనూ ఇలాంటి మెట్లే ఉన్నాయి. కింది మెట్టుకూ పై మెట్టుకూ మధ్య తేడా తేల్చేది ఎక్కువగా కోడింగ్ ప్రశ్నలే. టీసీఎస్ సొంతంగా కోడ్‌విటా అనే పోటీ కూడా నడుపుతుంది. ఒకే డిగ్రీ, ఒకే క్యాంపస్, జీతంలో మాత్రం రెట్టింపు తేడా. అప్పు తీర్చాల్సిన ఇంటికి, చెల్లెలి చదువు మిగిలున్న ఇంటికి ఆ తేడా చిన్నది కాదు.

అందుకే ఈ విద్య సీనియర్ల దయ మీద ఆధారపడకూడదు. టైమ్‌టేబుల్‌లో ఉండే సబ్జెక్టు కావాలి. క్రెడిట్ కోర్సుగా పెడితే బాబాయి లేని పిల్లకీ అదే పాఠం, అదే ల్యాబ్ దొరుకుతాయి.

యంత్రం చేసేస్తుంటే మనిషి ఎందుకు?

బాకూ వార్త చూసి భయపడటంలో తప్పులేదు. ఉద్యోగాల మార్కెట్ కూడా ధైర్యం చెప్పేలా లేదు. 2025 జూలైలో టీసీఎస్ సుమారు 12 వేల మందిని తగ్గిస్తున్నట్టు ప్రకటించింది. గూగుల్ ఏళ్ల తరబడి నడిపిన కోడ్ జామ్ పోటీని 2023లోనే ఆపేసింది. పోటీ సైట్లలో కృత్రిమ మేధతో నకలు కొట్టడం ఎంత పెరిగిందంటే, కోడ్‌ఫోర్సెస్ 2024లో దాని మీద ప్రత్యేక నిబంధనలే పెట్టాల్సి వచ్చింది.

దీని అర్థం ఏమిటి? రేటింగ్ అనే అంకెకు ఉన్న విలువ తగ్గుతోంది. బయోడేటాలో ఫలానా స్టార్ అని రాసుకుంటే కంపెనీ మునుపటిలా నమ్మదు. కనీసం ఒక ఇంటర్వ్యూ అయినా ఎదురెదురుగా కూర్చోబెట్టి చేయాలనుకుంటున్నట్టు గూగుల్ సీఈఓ సుందర్ పిచాయ్ 2025లో చెప్పారు. ఎదురుగా కూర్చున్నప్పుడు పనికొచ్చేది బుర్రలో ఉన్నదే. పెట్టెల లెక్క ఎందుకు అలా చేశావని అడిగితే నోటితో చెప్పగలగాలి. అంకె విలువ తగ్గిన కొద్దీ దాని వెనక ఉండాల్సిన జ్ఞానం విలువ పెరుగుతోంది.

ఇంకో సంగతి. యంత్రం రాసిన ప్రోగ్రామ్ చూడటానికి బాగానే ఉంటుంది. పది లెక్కలకు సరిగ్గా పనిచేసి, పదకొండోదానికి తప్పొచ్చు. వంద పెట్టెలకు చకచకా నడిచి, 2 లక్షలకు కూలబడొచ్చు. పైన రంగు తిరిగిన బంగినపల్లి లోపల పండిందో లేదో తోటలో పెరిగినవాడికి చెయ్యి వేస్తే తెలుస్తుంది కదా. ప్రోగ్రామ్‌కూ అలా చెయ్యి వేసి చెప్పేవాళ్లు కావాలి. ఆ పట్టు రావాలంటే ముందు సొంతంగా వందల ప్రశ్నలు చేసి ఉండాలి.

ఎవరు తీసుకోవాలి, ఎవరు వద్దు?

అందరూ తీసుకోవాలని మాత్రం చెప్పలేం. ఈ సబ్జెక్టు చాలా టైమ్ తింటుంది. ఇది డేటాబేస్ నేర్పదు, నెట్‌వర్క్ నేర్పదు, పదిమందితో కలిసి పెద్ద సాఫ్ట్‌వేర్ కట్టడం నేర్పదు, ఇంగ్లీషులో మాట్లాడటం నేర్పదు. పోటీల మోజులో పడి మిగతా సబ్జెక్టుల్లో బ్యాక్‌లాగ్‌లు తెచ్చుకుంటే కంపెనీ పరీక్ష రాసే అర్హతే పోవచ్చు. సివిల్, మెకానికల్ చదువుతూ ఆ రంగంలోనే ఉండాలనుకునే పిల్లలకు వాళ్ల దారి వాళ్లకు ఉంది.

సీ ప్లస్ ప్లస్‌లోనో పైథాన్‌లోనో చిన్న ప్రోగ్రాములు సొంతంగా రాయగలిగి, లెక్కలంటే ఇష్టం ఉన్న రెండో ఏడాది బీటెక్ విద్యార్థికి ఇది సరైన సమయం. వారానికి ఎనిమిది పది గంటలు ఇవ్వగలగాలి. ప్రోగ్రామింగ్ ఇంకా చేతికి రాకపోతే ముందు అది నేర్చుకుని తర్వాతి సెమిస్టర్‌లో తీసుకోవడం మంచిది. ఒక్కరే కాకుండా ముగ్గురు కలిసి మొదలుపెడితే ఇంకా మంచిది. ఐసీపీసీలో జట్టు అంటే ముగ్గురే, వాళ్లకు కంప్యూటర్ ఒక్కటే. ఒకరు రాస్తుంటే ఇద్దరు కాగితం మీద ఆలోచించాలి. ముగ్గురు అమ్మాయిలు ఒక జట్టు కట్టడానికి హాస్టల్ కంటే అనువైన చోటు ఏముంటుంది?

ఇంట్లో పెద్దవాళ్లకు

కోడ్‌ఫోర్సెస్ పోటీలు చాలావరకు మన టైమ్ ప్రకారం రాత్రి 8 గంటల 5 నిమిషాలకు మొదలై రెండు గంటలకు పైగా నడుస్తాయి. సెలవులకు ఇంటికి వచ్చిన పాప ఆ టైమ్‌లో ల్యాప్‌టాప్ వదలడం లేదంటే ఆటలాడుతోందని అనుకోవద్దు. వంటింట్లోకి పిలిచే ముందు అమ్మీ ఒకసారి అడిగితే చాలు. రంజాన్‌లో ఆ వేళ ఇషా, తరావీహ్ సమయం అవుతుంది. దానికీ దారి ఉంది. అయిపోయిన పోటీని తర్వాత తీరిక వేళలో, అదే గడియారం పెట్టుకుని రాసే ఏర్పాటు ఆ సైట్‌లోనే ఉంది. రేటింగ్ మారదు, నేర్చుకోవడం మాత్రం తగ్గదు.

తెర మీద పదే పదే తప్పు అని వస్తుంటే పిల్లలు దిగులు పడతారు. ఈ చదువులో తప్పు అని రావడం రోజువారీ సంగతి, ఫెయిలవడం కాదు. ఆ మాట ఇంట్లోవాళ్లు చెబితే బలంగా ఉంటుంది. వేలకు వేలు పోసి ప్రైవేటు కోచింగ్ కొనాల్సిన పని లేదు. కావాల్సినవన్నీ ఉచితంగా ఉన్నాయి. నకలు కొట్టి తెచ్చుకున్న రేటింగ్ ఎదురెదురు ఇంటర్వ్యూలో పది నిమిషాలు కూడా నిలబడదని కూడా చెప్పండి.

యూనివర్సిటీలకు

2021 యూజీసీ నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లో 40 శాతం దాకా కోర్సులను స్వయం వేదిక మీద చదివి క్రెడిట్లు పొందే వీలుంది. కొత్త అధ్యాపకుడిని నియమించేదాకా ఆగక్కర్లేదు. ఎన్‌పీటెల్ పాఠం, సాయంత్రం తెరిచి ఉండే ల్యాబ్, సందేహం తీర్చడానికి ఒక సీనియర్, వారం వారం ఒక పోటీ ఉంటే కోర్సు నడుస్తుంది. అమ్మాయిల హాస్టల్‌లోనే ఆ ల్యాబ్ సదుపాయం ఉంటే రాత్రి పోటీలకు వాళ్లు దూరం కారు. క్యాంపస్‌కు వెళ్లిన తల్లిదండ్రులు మెస్ భోజనం గురించి అడిగినట్టే దీని గురించీ అడగాలి.

వచ్చే సెమిస్టర్ రిజిస్ట్రేషన్‌కు ముందు ఇంట్లో మూడు ప్రశ్నలు వేసుకోండి. బిడ్డకు బ్యాక్‌లాగ్‌లు ఉన్నాయా? వారానికి ఎనిమిది గంటలు దొరుకుతాయా? తోడుగా ఇద్దరు ఉన్నారా? మొదటిదానికి లేవని, మిగతా రెండిటికీ ఔనని జవాబు వస్తే ఆ సబ్జెక్టు తీసుకోనివ్వండి.